తొమ్మిదో కెమెరాలో మనిషి

సన్యాసిరావును పిలిచింది మూడు చిన్న పనులకి. తొమ్మిదో నంబరు కెమెరాలో బొమ్మ తలకిందులుగా వస్తోంది. రంగంతా ఎర్రగా ఉంటోంది. పొద్దెక్కితే తెల్లగా వెలిగిపోయి ఏమీ కనపడటం లేదు. గని మేనేజరు వెంకటనారాయణ ఫోనులో ఈ మూడూ చెప్పి, "బిగించి నెలైంది. ఉన్నా లేనట్టే ఉంది. ఒకసారి వచ్చి చూసిపోవయ్యా" అన్నాడు.

అది రెండువేల పన్నెండు, ఆగస్టు నెల. సన్యాసిరావు తండ్రి బొబ్బిలి పక్క పల్లె నుంచి ఇనుప గనుల్లో పనికోసం బస్తర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సన్యాసిరావు పుట్టి పెరిగింది బచేలిలో. ముప్పై ఆరేళ్లవాడు, నెమ్మదస్తుడు. బచేలిలో, దంతెవాడలో దుకాణాలకీ బడులకీ, చుట్టుపక్కల చిన్న గనులకీ కెమెరాలు బిగించడం, బాగుచేయడం అతని వృత్తి.

ఈ గని బచేలి నుంచి జీపులో గంటన్నర దూరం, కొండ మీద. ఖనిజం కడిగిన నీళ్లు కొండ వెనక లోయలోకి దిగి నిలుస్తాయి. మట్టి అడుక్కి దిగాక తేరిన నీళ్లు అవతల వాగులో కలుస్తాయి. లోయలో ఆ మట్టి నీళ్లు నిలిచే చోటుని అందరూ ఎర్ర డ్యామ్ అంటారు. చూడటానికి అది చెరువులా ఉండదు. పైన పొర కట్టి, చదును చేసిన ఎర్రటి మడిలా ఉంటుంది. తెలియనివాడు నడిచి దాటొచ్చనుకుంటాడు. ఆ వానాకాలంలోనే దాని చుట్టూ కంచె వేసి, గట్టు మీద స్తంభం నాటి, ఈ కెమెరా పెట్టారు.

సన్యాసిరావు వెళ్లిన రోజు మబ్బు కొండ మీదికి దిగి కూర్చుంది. పగలు పదిగంటలకి జీపు లైట్లు వేసుకుని ఎక్కింది. కెమెరాల గదిలో తెరల ముందు కూర్చునేది సీతయ్య. దోర్నపాల్ దగ్గరి పల్లెవాడు, యాభై అయిదేళ్లుంటాయి. గోండీ, హల్బీ, హిందీ అన్నీ మాట్లాడతాడు కాబట్టి గేటు దగ్గర ఎవరొచ్చినా అతన్నే పిలుస్తారు. సన్యాసిరావు అతనికి ఒక వాకీటాకీ ఇచ్చి, ఇంకొకటి తాను తీసుకుని, నిచ్చెన భుజాన వేసుకుని గట్టు మీదికి నడిచాడు.

బిగించినవాడు కెమెరాను స్తంభం చేతికి కింది నుంచి వేలాడదీశాడు. అందుకే బొమ్మ తిరగబడింది. దానికి కెమెరాను విప్పక్కర్లేదు. కేబులుకి వేలాడే చిన్న మీటల పెట్టెతో బొమ్మను తిప్పమని చెబితే చాలు. సన్యాసిరావు నిచ్చెన మీద నిలబడి మీట నొక్కాడు.

"సీతయ్యన్నా, సూడు. సక్కగయ్యిందా?"

"అయింది తమ్మీ. ఆకాశం పైకి వోయింది, నేల కిందికొచ్చింది. అంతా సక్కగైంది."

"అయితే రంగు సంగతి సూద్దాం."

వాకీటాకీ కాసేపు గరగరలాడి ఊరుకుంది. మళ్లీ సీతయ్య గొంతు వచ్చింది. "ఒక్కటే తలకిందులైంది."

"ఏటది?"

"గా మనిషి."

సన్యాసిరావు మడి వైపు చూశాడు. మబ్బు పలచగా దాని మీద పాకుతోంది. కంచె, ఎర్రటి పొర, అవతల చెట్లు. పిట్ట కూడా లేదు.

"ఇక్కడ మడిసెవులూ నేరన్నా."

"నీ ముంగటనే ఉన్నడు. నెల దినాల సంది జూస్తున్న. బొమ్మంత ఉల్టా ఉంటే గదొక్కటే సక్కగ నిలబడి ఉండె. కంచె గుంజ అనుకున్న. ఇప్పుడు నువ్వు తిప్పంగనే దాని తల కిందికి వోయింది. కాళ్లు పైకున్నయ్. గుంజకు కాళ్లుంటయా తమ్మీ?"

సన్యాసిరావు నిచ్చెన దిగి కెమెరాల గదికి వచ్చాడు. తెర మీద మడి ఉంది. దాని నడుమ, మట్టి రంగులోనే కలిసిపోయి, నిలువుగా ఒక ఆకారం ఉంది. నీళ్ల పక్కన నిలబడిన మనిషి నీడ నీళ్లలో ఎలా తలకిందులుగా పడుతుందో అలా ఉంది. పాదాలు పైపొరని తాకుతున్నాయి. మిగతా మనిషంతా కిందికి, మట్టి లోపలికి వేలాడుతున్నాడు. నీడ అయితే పైన మనిషి ఉండాలి. పైన ఎవరూ లేరు.

"కేబులు సెడిపోయుంటాది. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడతాదొకోసారి" అన్నాడు సన్యాసిరావు.

"ఊగుతుంది జూడు."

అవును, ఊగుతోంది. బావిలోకి దింపిన తాడు ఊగినట్టు, నెమ్మదిగా, ఎప్పుడో ఒకసారి.

అతను వెళ్లి కెమెరా అద్దం తుడిచాడు. కేబులు చివరలు కోసి కొత్తవి బిగించాడు. అవతల కొసలో రికార్డరుని ఆపి మళ్లీ నడిపించాడు. ఏం చేసినా ఆకారం పోలేదు. ఇక తనకొచ్చిన పనే చేయడం మంచిదనిపించింది. చుట్టూ ఎరుపు తప్ప ఇంకేమీ లేనిచోట కెమెరాకి తెలుపు ఏదో తెలియదు. తెల్లటి వస్తువు ఒకటి చూపించి, ఇదీ తెలుపు అని నేర్పాలి. అప్పుడు మిగతా రంగుల్ని అది తనే సరిచేసుకుంటుంది. సన్యాసిరావు జీపులోంచి తెల్లటి థర్మాకోల్ అట్ట తెచ్చి, ఒక చేత్తో కెమెరా ముందు పట్టుకుని, రెండో చేత్తో మీట నొక్కాడు. తర్వాత అట్ట తీసేశాడు.

"రంగెలాగుందన్నా?"

సన్యాసిరావు వాకీటాకీని చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"సీతయ్యన్నా?"

"దిగి రా తమ్మీ." సీతయ్య గొంతు సన్నగా ఉంది. "ఆడ నిలబడకు. దిగి రా."

సన్యాసిరావు గదికి వచ్చేసరికి తెర మీద ఎరుపు పోయి ఉంది. మడి బూడిద రంగుకి తిరిగింది. ఇంతసేపూ మట్టిలో కలిసిపోయిన మనిషి మట్టి నుంచి విడిపడి స్పష్టంగా కనిపిస్తున్నాడు. నడుముకి తెల్లటి పంచె, మోకాళ్ల దాకా. భుజం మీద కావడి. కావడికి ఒకవైపు వెదురు బుట్ట, ఇంకోవైపు సొరకాయ బుర్ర. తలకిందులుగా ఉన్న మనిషి పంచె జారి నడుము దగ్గర పోగుపడాలి. అది జారలేదు. కావడి బుర్ర కిందికి వేలాడాలి. అది పైకి, అతని పాదాల వైపుకి వేలాడుతోంది. లోకం నిటారుగానే ఉన్నట్టు, అతను తన దారిన తాను నిలబడ్డట్టు ఉంది. ముఖం మాత్రం తెలియడం లేదు. దాని చోట తెల్లటి వెలుగు ముద్దలా ఉంది.

సన్యాసిరావు వాకీటాకీని బల్ల మీద పెట్టి తెర దగ్గరికి వంగాడు. తర్వాత సీతయ్య లేచి తన కుర్చీని గోడ దాకా వెనక్కి జరిపాడు.

కబురు పంపితే వెంకటనారాయణ వచ్చాడు. ఖమ్మం వైపువాడు, గనుల్లోనే తల నెరిసింది. తెర ముందు వంగి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"రికార్డింగ్ వెనక్కి తిప్పండి" అన్నాడు.

సన్యాసిరావు తిప్పాడు. పది నిమిషాల కిందటి మడి వచ్చింది. అందులో మనిషి లేడు. గంట కిందటిది చూశారు, నిన్నటిది చూశారు. ఎందులోనూ లేడు. ఇప్పటి బొమ్మకి వస్తే మళ్లీ ఉన్నాడు.

"రికార్డింగులో లేనిది లేనట్టే లెక్క. కెమెరాలో లోపం" అన్నాడు మేనేజరు. కానీ ఆ మాట తెర వైపు చూడకుండా అన్నాడు. "రేపు కొత్తది తెచ్చి పెట్టు. సీతయ్యా, నలుగురికీ చెప్పి భయపెట్టకు."

మర్నాడు సన్యాసిరావు కొత్త కెమెరా తెచ్చాడు. దీన్ని గదిలో ఉండే మీటలతోనే సరిచేయొచ్చు. స్తంభం దగ్గరికి పోనక్కర్లేదు. బిగించి వచ్చేసరికి మబ్బు విడి ఎండ కాసింది. మడి పైపొర అద్దంలా మెరిసి తెరంతా తెల్లబోయింది. కొత్త కెమెరాలో ఏమీ లేదని సన్యాసిరావు లోపల కాస్త కుదుటపడ్డాడు. కెమెరా లోపలికి వచ్చే వెలుగుని తగ్గించడం ఒక్కటే మిగిలింది. మీట ఒక్కొక్క మెట్టు కిందికి తిప్పాడు. తెల్లదనం కరిగింది. మొదట కంచె వచ్చింది. తర్వాత మడి వచ్చింది. తర్వాత పాదాలు, పంచె, కావడి. ఇంకో రెండు మెట్లు తగ్గించేసరికి ముఖం వచ్చింది.

ముప్పై ఏళ్ల మనిషి. చెవులకి పోగులు. కళ్లు మూసి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. దారి నడుస్తూ తనలో తాను మాట్లాడుకునే మనిషిలా, ఆగకుండా ఏదో చెబుతున్నాడు.

సన్యాసిరావు తెర ఆపేసి బయటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోతే భార్య చిన్నమ్మి అడిగింది. దాచే అలవాటు లేదు కాబట్టి అంతా చెప్పాడు. ఆమె భయపడుతుందనుకున్నాడు. ఆమె కంచంలోకి చారు పోస్తూ, "ఏ ఊరోడో పాపం. ఇంటికాడ ఎవులో ఎదురు సూస్తంటారు కదా" అంది.

అప్పటిదాకా సన్యాసిరావుకి ఆ ఆలోచనే రాలేదు. అది దయ్యమా, కెమెరా లోపమా అనే చూశాడు గాని, ఎవరి మనిషి అని అనుకోలేదు. వెంటనే సీతయ్యకి ఫోను చేశాడు.

"అన్నా, ఆ మడిసి కోసం ఎవులైనా ఒచ్చారా ఎప్పుడైనా? గేటు కాడికి?"

అవతల సీతయ్య మంచం మీంచి లేచిన కిర్రు వినిపించింది.

"వస్తది" అన్నాడు సీతయ్య. "కోసే అని, కొండ కింద పటేల్‌పారా గూడెం ఆడమనిషి. బేస్తవారం సంత నుంచి పోయేటప్పుడు గేటు కాడ నిలబడి అడుగుతది. మొగుడు కనపడక మూడు వానకాలాలైనయ్. గనిల పనికి గాని చేరిండా అంటది. నేనే పనోళ్ల పట్టీ జూసి జోగ అనేటోడు ఇక్కడ లేడమ్మా అని చెప్తా. మూడేండ్ల సంది చెప్తున్న తమ్మీ. మా నాయన పోయినప్పుడు నేను డ్యూటీకి రాలే, అప్పుడు కూడ వచ్చిందంట." మళ్లీ తనే, "లేడు లేడని నేనే తోలేసిన" అన్నాడు.

గురువారం సన్యాసిరావు పనులన్నీ మానుకుని గనికి వచ్చాడు. మధ్యాహ్నం రెండు గంటలకి కోసే వచ్చింది. సన్నటి మనిషి, నెత్తి మీద ఉప్పు మూట, మోకాళ్ల దాకా బురద. సీతయ్య ఆమెను లోపలికి రమ్మంటే నమ్మనట్టు చూసింది. మూడేళ్లలో ఆ గేటు ఆమెకి తెరుచుకోవడం అదే మొదటిసారి. ఆమెకి తెలుగు వచ్చు. ఏటా మిర్చి ఏరడానికి భద్రాచలం వైపు పోతుందట.

"జోగ ఎప్పుడు బయల్దేరాడమ్మా?" అని అడిగాడు సన్యాసిరావు.

"కొత్త వడ్లొచ్చినంక చేసే కొత్తల పండక్కి. మా తల్లిగారిది ఆవపల్లి దిక్కు. మా అన్నకు కోడి ఇచ్చి వస్తనని పోయిండు. నాకు జరమొచ్చె, నేను పోలే. ఆ పొద్దు మబ్బు దిగింది. చెయ్యి చూస్తే చెయ్యి కనపడలే." ఆమె కొండ వెనక వైపు చేయి చూపించింది. "పాత దారి ఆ లోయలకెంచే ఉండె, దాదా. మా తాతల నాటి దారి."

ఆ దారి మీదే ఇప్పుడు ఎర్ర డ్యామ్ ఉందని ఆమెకి తెలుసు. వాళ్లకీ తెలుసు.

గదిలోకి తీసుకెళ్లి, తలుపు దగ్గరే ఆపి, "చూసి భయపడకు తల్లీ" అన్నాడు సీతయ్య. సన్యాసిరావు తెర వెలిగించాడు.

కోసే ఉప్పు మూట దించలేదు. అలాగే నిలబడి చూసింది. మొదట ఆమెకి అదేమిటో తెలిసినట్టు లేదు. తల పక్కకి వంచింది. ఇంకా వంచింది. భుజానికి చెంప ఆనేదాకా వంచి, అలాగే ఉండిపోయింది. సీతయ్య మూట పట్టుకోకపోతే పడిపోయేదే.

"బుర్ర నేనే కట్టి ఇచ్చిన" అంది. "జావ పోసి."

కాసేపటికి మళ్లీ, "ఎందుకట్ల తల కిందికున్నడు?" అంది.

సన్యాసిరావు వైపు తిరిగింది.

"నువ్వు తిప్పినవా దాదా?"

"బొమ్మని తిప్పానమ్మా. ఆయన్ని కాదు."

"మళ్ల తిప్పు. ఆయన్ని నిలవెట్టు."

సన్యాసిరావు మీట నొక్కాడు. తెర తిరగబడింది. అవతలి చెట్లు కింద వేలాడాయి. బూడిద రంగు మడి పైకి పోయి మబ్బులా పరుచుకుంది. ఆ రెంటి మధ్య జోగ తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు, భుజాన కావడితో.

కోసే తెర దగ్గరికి వెళ్లి తన భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఇంటికొచ్చిన మనిషికి చెప్పినట్టు మామూలుగా చెబుతోంది. సన్యాసిరావుకి అర్థం కాక సీతయ్య వైపు చూశాడు.

"ఇల్లు మళ్ల కప్పించిన అంటంది" అన్నాడు సీతయ్య గొంతు తగ్గించి. "పెద్దపిల్ల తన ఎత్తు అయిందంట. నల్లావు ఈనింది, దూడ బతకలే అంటంది. వాళ్లన్న అలిగిండంట, కోడి రాలేదని."

జోగ పెదవులు ఆగిపోయాయి. ఇంతవరకూ సన్యాసిరావు చూసినంతసేపూ అవి కదులుతూనే ఉన్నాయి. వినేవాడిలా కొంచెం ముందుకి వంగాడు. తర్వాత చాలా నెమ్మదిగా, నీళ్లలో కదిలినట్టు, భుజం మీంచి కావడి దించి పక్కన పెట్టాడు.

సీతయ్య గది వదిలి బయటికి పరుగెత్తాడు. సన్యాసిరావు వెనక్కి జరిగాడు. కోసే మాత్రం చేయి చాచి తెర గాజు మీద ఆనించింది. "అక్కడనే ఉన్నడు దాదా. తియ్యండి" అంది.

వెంకటనారాయణ కాసేపు తన గదిలోంచి రానేలేదు. సన్యాసిరావు వెళ్లి నిలబడితే కాగితాలు సర్దుతూ, "తెర మీద బొమ్మ చూసి డ్యామ్ తవ్వించానని నేను పైవాళ్లకి ఏమని చెప్పేది?" అన్నాడు.

"మీరు సూసారు కద బాబూ."

మేనేజరు చేతులు ఆగాయి. "చూశాను. రోజూ వచ్చి చూస్తున్నా, సీతయ్య భోజనానికి పోయినప్పుడు." కిటికీ వైపు తిరిగాడు. "పూడిక ఎలాగూ తీయించాలి. ఎక్కడ మొదలుపెడతారో మీ ఇష్టం."

శనివారం పొద్దున్నే పొడుగు చేతి పొక్లెయిన్ గట్టు మీదికి వచ్చింది. నడిపేవాడు దేముడు, సన్యాసిరావు చిన్ననాటి స్నేహితుడు, బచేలిలో ఒకే వీధి. పటేల్‌పారా నుంచి పాతికమంది వచ్చి కంచె వెంట కూర్చున్నారు. కోసే అందరికంటే ముందు, స్తంభం పక్కన నిలబడింది.

గట్టు మీదివాళ్లకి ఎక్కడ తవ్వాలో తెలియదు. వాళ్ల కళ్లకి కనిపించేది ఎర్రటి మడి ఒక్కటే. మనిషి కనిపించేది తెర మీదే. అందుకని సన్యాసిరావు గదిలో కూర్చుని వాకీటాకీలో దేముడికి దారి చెప్పాలి. గురువారం నుంచీ బొమ్మ తిరగబడే ఉంది. సరిచేస్తే జోగ మళ్లీ తలకిందులవుతాడు. ఆ పని చేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. దాంతో తెర మీద కుడి అంటే బయట ఎడమ, దగ్గర అంటే దూరం. ప్రతి మాటా మనసులో తిప్పుకుని చెప్పాల్సి వచ్చింది.

"ఎడమకి రా దేముడూ. ఇంకొంచెం. ఆగాగు. కాదు, కుడికి, కుడికి!"

ఇనుప తొట్టి తెరపైనుంచి, మబ్బులోంచి దిగినట్టు దిగింది. జోగ పక్కన మూరెడు దూరంలో మట్టిని కరిచింది. అతను అదిరిపడ్డట్టు కదిలాడు.

"మెల్లగ. మెల్లగ తియ్యి. నీకెదురుగా బారెడు దూరం. ఆడే. ఆడే ఉన్నాడు."

మూడేళ్ల మట్టి పైన పేరుకుంది, తొట్టి పదిహేనడుగుల లోతు పోయింది. తొట్టి మళ్లీ మళ్లీ ఖాళీ మట్టితో పైకి లేచింది. తెర మీద జోగ ఇప్పుడు కళ్లు తెరిచాడు. చూపు నేరుగా కెమెరాలోకి ఉంది. ఆ చూపులో కోపం గాని బాధ గాని లేవు. చాలాసేపు ఎదురుచూసి అలసిన మనిషి, బండి వస్తున్న చప్పుడు విని తలెత్తినట్టు ఉంది. సన్యాసిరావు రెప్ప వేశాడు. రెప్ప తీసేసరికి మడి ఖాళీగా ఉంది.

అదే క్షణంలో వాకీటాకీలో దేముడి గొంతు వచ్చింది. "ఆపేసాను సన్నాసీ. కాళ్లు. కాళ్లు కనపడతన్నాయి."

మిగతాది చేతులతో తవ్వారు. జోగ తల కిందికీ పాదాలు పైకీ ఉన్నాడు. పొర మీద అడుగు పడి, బరువుతో ముందుకి తూలి, అలాగే దిగిపోయి ఉంటాడు. గట్టిపడిన మట్టి అతన్ని పాడుకానివ్వలేదు. మూడేళ్ల నాటి మనిషిని కోసే పోల్చుకోగలిగింది. సొరకాయ బుర్ర పగల్లేదు. ఊరివాళ్లు వాగు నీళ్లతో ఎంత కడిగినా అతని ఒంటి ఎరుపు వదల్లేదు. దంతెవాడ నుంచి పోలీసులు వచ్చి రాసుకుని, మర్నాడు ఇంటివాళ్లకి అప్పగించారు. తొమ్మిదో రోజున పటేల్‌పారా బయట అతని పేరున నిలువెత్తు రాయి పాతారు. సన్యాసిరావుని, చిన్నమ్మిని, దేముడిని పిలిచారు. సీతయ్యని పిలవకపోయినా వెళ్లాడు. వెళ్లి కోసే ముందు నేల మీద కూర్చుని తల వంచుకున్నాడు. ఆమె అతని ఆకులో కూడా అందరికీ వేసినట్టే అన్నం వేసింది.

ఆ తర్వాత సీతయ్య తెరల ముందు కూర్చోనన్నాడు. మేనేజరుని అడిగి గేటు దగ్గరికి మారాడు. ఎవరైనా మనిషి కోసం అడగడానికి వస్తే పట్టీ చూడటం మానేశాడు. బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఎప్పుడు పోయాడు, ఎటు పోయాడు, చేతిలో ఏముంది అని అడిగి నోటుబుక్కులో రాసుకునేవాడు.

అక్టోబరు చివర ఒక పగలు సన్యాసిరావుకి ఫోను వచ్చింది.

"తమ్మీ, ఒక ముసలమ్మ వచ్చింది. పేరు పొజ్జే. తమ్ముడు పోయి అయిదేండ్లైందంట, గదే దారిల. మన సంగతి విని చానా దూరం నడిచి వచ్చింది. నేను లేదని చెప్పలేను. బొమ్మ ఒకపారి ఉల్టా తిప్పాలె. వస్తవా?"

సన్యాసిరావు వెళ్లాడు. పొజ్జే తెర ముందు కర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అతను బొమ్మ తిప్పాడు. తనతో వచ్చిన దేముడిని థర్మాకోల్ అట్టతో స్తంభం దగ్గరికి పంపి మళ్లీ రంగు సరిచేశాడు. ఎరుపు పోయి మడి బూడిద రంగుకి వచ్చింది. గంటసేపు చూశారు. ఎవరూ లేరు. ముసలామె తన భాషలో ఏదో అని, నోటి నిండా నవ్వింది.

"లేడంటే బతికున్నట్టే గదా అంటంది" అన్నాడు సీతయ్య.

ఆమె ఇద్దరికీ దండం పెట్టి, కర్ర ఆనించుకుంటూ గేటు వైపు నడిచింది. ఆమె దూరం పోయాక సీతయ్య తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"వెలుగు తగ్గించినవా తమ్మీ?"

సన్యాసిరావు తెర వైపు చూశాడు. ఆ పూట ఎండ తీవ్రంగా ఉంది. మడి అవతలి కొసన మూడో వంతు మేర తెల్లగా మెరిసిపోతోంది. అక్కడ ఏముందో తెలియదు.

"నేదన్నా."

"ఎందుకు తగ్గియ్యలే?"

"ఆవిడ నవ్వింది కద" అన్నాడు సన్యాసిరావు.

గేటు కెమెరాలో ముసలామె కనిపిస్తోంది. కంకర రోడ్డు పక్కన ఆగి చెప్పులోని రాయి దులుపుకుని, మళ్లీ బయలుదేరింది. ఆమె మలుపు తిరిగి చెట్ల చాటుకి పోయేదాకా ఇద్దరూ చూశారు. అప్పుడు సన్యాసిరావు మీట మీద వేలు పెట్టి ఒక మెట్టు తగ్గించాడు. తర్వాత ఇంకొకటి. తెల్లదనం అంచుల నుంచి కరుగుతూ వచ్చింది. కంచె కనిపించింది, దాని వెనక గడ్డి కనిపించింది. చివరి మెట్టు తిప్పేటప్పుడు సీతయ్య కళ్లు మూసుకున్నాడు.

"సూడన్నా" అన్నాడు సన్యాసిరావు.

మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీగా ఉంది. పైపొర మీద రెండు కొంగలు నడుస్తున్నాయి, అంతే. సీతయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సన్యాసిరావు కూడా వెళ్లిపోలేదు. ఆ ఇద్దరూ సాయంత్రం వెలుతురు తగ్గి తెర మసకబారేదాకా ఆ ఖాళీనే చూస్తూ ఉండిపోయారు.